సార్క్ ఎందుకు ఆగిపోయింది? పాకిస్తాన్ ఒక్కటే కారణమా?

న్యాయశాస్త్రం చదువుతున్న మీరు మూడు ప్రశ్నలు అడిగారు. దక్షిణాసియా దేశాల ప్రాంతీయ సహకార సంఘం, అంటే సార్క్, పని అయిపోయినట్టేనా? దానికి పాకిస్తాన్ ఒక్కటే కారణమా? యూరోపియన్ యూనియన్ లాంటిది మన ప్రాంతంలో ఎప్పటికైనా వస్తుందా, లేక బంగాళాఖాతం ప్రాంతంలోని ఏడు దేశాల వేదిక అయిన బిమ్స్‌టెక్‌తో సరిపెట్టుకోవాలా? ఎగుమతులు, సరిహద్దు రవాణా ఒప్పందాల కాగితాలు చూసే లాయరుగా చాలా ఏళ్లుగా ఈ వ్యవహారం నాకు దగ్గరగా తెలుసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శిఖరాగ్ర సమావేశాలు ఆగిపోవడానికి భారత్–పాక్ వైరమే కారణం, అందులో సందేహం లేదు. కానీ ఆ వైరం మొత్తం సంస్థనే ఆపేయగలిగిందంటే, సంస్థ నియమాలను మనమే అలా రాసుకున్నాం కాబట్టి. గొడవలను గుమ్మం బయటే ఉంచి సహకారం పెంచుకుందాం అనుకున్నాం. ఈ నలభై ఏళ్లలో జరిగింది చూస్తే, చట్టం దారి చూపించిన గొడవలు చాలావరకు తీరాయి, దారి లేనివి ముదిరాయి.

1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దేశాలు సార్క్ చార్టర్ మీద సంతకాలు పెట్టాయి. అఫ్గానిస్తాన్ 2007లో చేరింది. ఆలోచన మాత్రం బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రహ్మాన్‌ది. 1981లోనే హత్యకు గురైన ఆయన దాన్ని చూడలేకపోయారు. అప్పట్లో ఢిల్లీకి ఒక అనుమానం ఉండేది, చిన్న దేశాలన్నీ ఒక్కటై మన మీదికి వస్తాయేమోనని. ఇస్లామాబాద్‌కు ఇంకో అనుమానం, ఈ వేదిక పేరుతో భారత్ పెత్తనం చేస్తుందేమోనని. రెండు వైపులా ధీమా ఇవ్వడానికి చార్టర్‌లో 10వ అధికరణం వచ్చింది. అందులో ఉన్నవి రెండే మాటలు. అన్ని స్థాయుల్లోనూ నిర్ణయాలు ఏకగ్రీవంగా జరగాలి. ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలు చర్చకు రాకూడదు. ఈ రెండూ లేకపోతే సార్క్ పుట్టేదే కాదు, నిజమే. పుట్టాక దాన్ని ఎదగనివ్వనివి కూడా ఇవే. ఏకగ్రీవం అంటే ఎనిమిది దేశాల చేతిలోనూ వీటో ఉన్నట్టే. వివాదాలు మాట్లాడకూడదంటే, ఆ వీటో ఎందుకు వాడారో తేల్చే చోటు కూడా లేనట్టే.

2014 నవంబరులో కాఠ్మాండూలో జరిగిన 18వ శిఖరాగ్ర సమావేశం చూడండి. మూడు ఒప్పందాలు సిద్ధంగా ఉన్నాయి: వాహనాల రాకపోకలు, రైళ్లు, విద్యుత్. మా దేశంలో అంతర్గత ప్రక్రియ పూర్తి కాలేదని పాకిస్తాన్ మూడింటికీ అడ్డం పడింది. చివరి రోజు నాయకులంతా కాఠ్మాండూ దగ్గరి ధూలిఖేల్ వెళ్లి కూర్చుంటే విద్యుత్ ఒక్కటి బయటపడింది. మిగతా రెండూ అక్కడే ఉండిపోయాయి. తర్వాతి సమావేశం 2016 నవంబరులో ఇస్లామాబాద్‌లో జరగాలి. సెప్టెంబరు 18న కశ్మీర్‌లోని ఉరీ సైనిక స్థావరం మీద ఉగ్రదాడి జరిగింది. భారత్ రానంది. బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా తప్పుకున్నాయి. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క శిఖరాగ్ర సమావేశం కూడా లేదు. కోవిడ్ మొదట్లో, 2020 మార్చి 15న, వీడియోలో ఒకసారి మాట్లాడుకుని అత్యవసర నిధి పెట్టుకున్నారు, అంతే. ఉగ్రవాదం మీద సార్క్‌కు ఒప్పందం లేదా అంటే ఉంది. 1987లో ఒకటి, 2004లో దానికి అదనపు ప్రోటోకాల్. ఒక సభ్య దేశం దాన్ని ఉల్లంఘించిందని ఇంకో దేశం ఫిర్యాదు చేసి విచారణ అడిగే యంత్రాంగమే సార్క్‌లో లేదు.

అదే కాఠ్మాండూ సమావేశంలో మన ప్రధాని ప్రకటించిన సార్క్ ఉపగ్రహం సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. పాకిస్తాన్ తప్పుకుంది. దాంతో పేరు దక్షిణాసియా ఉపగ్రహంగా మారింది. 2017 మే 5న శ్రీహరికోట నుంచి జీశాట్-9గా పైకి వెళ్లింది. ఒకరు రాకపోతే మిగతావాళ్లు పని ఆపక్కర్లేదని అది చూపించింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ ఈ సూత్రాన్ని ఏకంగా తన చార్టర్‌లోనే రాసుకుంది. ఆర్థిక ఒప్పందాల విషయంలో అందరూ ఒప్పుకుంటే కొందరు ముందు నడవొచ్చు, మిగతావాళ్లు తర్వాత చేరొచ్చు. సార్క్ చార్టర్‌లో కొన్ని దేశాలే కలిసి చేసే ప్రాజెక్టులకు దారి ఉంది కానీ, ఒప్పందాలకు అలాంటి వెసులుబాటు స్పష్టంగా లేదు.

యూరప్‌తో పోలిక చాలామంది తెస్తారు. నా దృష్టిలో అది ఉపయోగం తక్కువ, నిరుత్సాహం ఎక్కువ. 1963, 1964లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన రెండు తీర్పులతో అక్కడ పరిస్థితి మారిపోయింది. ఒప్పందంలో ఉన్న హక్కును మామూలు కంపెనీ కూడా తన దేశపు కోర్టులో అడగొచ్చు, దేశీయ చట్టం దానికి అడ్డం వస్తే ఒప్పందమే నెగ్గుతుంది. వలస పాలన నుంచి బయటపడి సార్వభౌమత్వాన్ని ప్రాణంగా చూసుకునే దేశాలు అంత అధికారాన్ని ఒక ఉమ్మడి కోర్టుకు ఇస్తాయని నేను అనుకోను. పైగా మన భౌగోళికం వేరు. పాకిస్తాన్–అఫ్గానిస్తాన్ జంటను పక్కన పెడితే, సార్క్‌లో భూసరిహద్దులన్నీ భారత్‌తోనే. నేపాల్ లారీ బంగ్లాదేశ్ వెళ్లాలంటే మన పశ్చిమ బెంగాల్ మీదుగా 50 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దాటాలి. దక్షిణాసియా జనాభాలో దాదాపు నాలుగింట మూడు వంతులు మనమే. కాబట్టి ఇక్కడ ఏ ఒప్పందమైనా పొరుగువాళ్లకు భారత్‌తో ఒప్పందంలాగే కనిపిస్తుంది. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకుంటే పని జరగదు.

ఇక పరీక్షల్లో ఎక్కువగా అడగని, అసలైన చిక్కు ఉన్న చోటికి వస్తాను. సంతకం పెట్టాక ఏమవుతుంది? మన దేశంలో ఒప్పందం తనంతట తాను చట్టం కాదు. సంతకం చేసేది కేంద్ర ప్రభుత్వం. దాన్ని అమలు చేయడానికి చట్టం అవసరమైతే రాజ్యాంగంలోని 253వ అధికరణం కింద పార్లమెంటు చేయొచ్చు, రాష్ట్రాల జాబితాలోని అంశమైనా సరే. భూభాగం వదులుకోవాలంటే మాత్రం అది కూడా చాలదు. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారీని అప్పటి తూర్పు పాకిస్తాన్‌తో పంచుకోవాలని ఒప్పుకున్నారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టును సలహా అడిగారు. భూభాగాన్ని ఇంకో దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగాన్ని సవరించాల్సిందే అని 1960లో కోర్టు చెప్పింది. వెంటనే 9వ సవరణ చేశారు. అయినా బేరుబారీ చేతులు మారలేదు. స్థానికుల వ్యతిరేకత అంత బలంగా ఉంది.

దీని దెబ్బ ఎవరికి తగిలిందో తెలియాలంటే ఛిట్‌మహల్‌ల కథ చదవండి. బంగ్లాదేశ్ లోపల 111 భారత గ్రామాలు, మన లోపల 51 బంగ్లాదేశ్ గ్రామాలు, చుట్టూ పరాయి దేశం. అందులో 50 వేల మందికి పైగా మనుషులు. బంగ్లాదేశ్ లోపల చిక్కుకున్న భారత గ్రామంలో ఉండే మనిషి తన దేశపు ఓటు వేయాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా ముందు ఇంకో దేశాన్ని దాటాలి. దాటితే చొరబాటుదారు. కరెంటు లేదు, బడి లేదు, పోలీసు లేడు. పిల్లల్ని బడిలో చేర్చడానికి పక్క ఊరివాళ్ల పేర్లను తండ్రి పేరుగా రాయించుకున్న కుటుంబాలు ఉన్నాయి. 1974 మే 16న ఇందిరాగాంధీ, ముజీబుర్ రహ్మాన్ వీటిని మార్చుకోవాలని సంతకం పెట్టారు. బంగ్లాదేశ్ అదే ఏడాది ఆమోదించింది. మన పార్లమెంటు ఆమోదించింది 2015 మేలో, 100వ రాజ్యాంగ సవరణగా. ఆ జులై 31 అర్ధరాత్రి గ్రామాలు మారాయి. మధ్యలో 41 ఏళ్లు పోయాయి. ఈ మార్పిడిలో మనకు వచ్చిన భూమి కంటే ఇచ్చిన భూమి సుమారు 10 వేల ఎకరాలు ఎక్కువ. దాంతో ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఆ పార్టీకి "భూమి ఇచ్చేస్తున్నారు" అనే అస్త్రం దొరికేది. 2013లో బిల్లు పెడితే వ్యతిరేకించిన పార్టీయే అధికారంలోకి వచ్చి 2015లో నెగ్గించింది, అదీ లోక్‌సభలో ఏకగ్రీవంగా. అందులో తప్పు పట్టాల్సింది నాకేమీ కనిపించదు. నాకు బాధ కలిగించేది, ఆ 41 ఏళ్లలో ఆ గ్రామాల్లో పుట్టి, ఏ దేశమూ తమది అని చెప్పుకోలేకుండానే పోయినవాళ్ల సంగతి.

అదే సమయంలో సముద్రం మీద ఇంకో వివాదం ఎలా తీరిందో పక్కన పెట్టి చూడండి. బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు రేఖ మీద దశాబ్దాల పాటు చర్చలు జరిగాయి, తేలలేదు. 2009లో బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కింద మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. భారత్ మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఎక్కువ భాగం పోయింది కదా, ఎందుకు ఒప్పుకుందని చాలామంది అడుగుతారు. రేఖ తేలిపోతే రెండు వైపులా చమురు, గ్యాస్ అన్వేషణకు దారి దొరుకుతుంది, జాలర్లు ఎక్కడిదాకా వెళ్లొచ్చో తెలుస్తుంది, పెద్ద దేశమై ఉండి తీర్పుకు తలవంచిందన్న పరువు దక్కుతుంది. నా లెక్కలో ఇది మన విదేశాంగ విధానం తీసుకున్న గొప్ప నిర్ణయాల్లో ఒకటి, దానికి రావాల్సినంత పేరు రాలేదు.

రేఖ తేలకపోతే ఏమవుతుందో మన శ్రీకాకుళం, విజయనగరం తీరపల్లెల్లో అడిగితే చెబుతారు. ఇక్కడ వేట సాగక గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేసే కుటుంబాలు ఎన్నో. గుజరాత్, పాకిస్తాన్‌లోని సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర భారత్–పాక్ సరిహద్దు ఖరారు కాలేదు కాబట్టి అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్లే రేఖ మీద కూడా ఒప్పందం లేదు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన జాలర్లను పాకిస్తాన్ పట్టుకుపోయింది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి వచ్చారు. అది పుల్వామా, బాలాకోట్ జరిగిన కాలం. రెండు దేశాల మధ్య వ్యాపారం కూడా ఆగిపోయింది. అయినా 2008 మే 21న చేసుకున్న చిన్న ఒప్పందం ఒకటి పనిచేస్తూనే ఉంది. ప్రతి జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితా ఇవ్వాలి, అరెస్టయిన మూడు నెలల్లో రాయబార కార్యాలయం వాళ్లను కలవనివ్వాలి, శిక్ష పూర్తయి పౌరసత్వం తేలాక నెలలో వదిలేయాలి. గడువులు చాలాసార్లు తప్పుతున్నాయి, అది అన్యాయమే. కానీ జాబితా రావడం మానలేదు. ఇంట్లో వాళ్లకు ముందు కావలసింది మనిషి బతికే ఉన్నాడన్న కబురు. అది ఆ జాబితాలోని పేరుతో తెలుస్తుంది. పెద్ద పెద్ద ప్రకటనల కంటే ఇలాంటి రెండు పేజీల ఒప్పందాల మీద నాకు గౌరవం ఎక్కువ.

వ్యాపారం సంగతి. సార్క్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, సాఫ్టా, 2004లో సంతకమై 2006లో అమల్లోకి వచ్చింది. అయినా ఈ దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం దగ్గరే ఉందని ప్రపంచ బ్యాంకు చెబుతూ వస్తోంది. ఆసియాన్‌లో అది పావు వంతు దాకా ఉంటుంది. ఎవరికి వాళ్లు సుంకం తగ్గించని వస్తువుల జాబితా పెట్టుకున్నారు, సేవారంగం మొదటి నుంచీ అందులో లేదు. అయితే నా క్లయింట్లు సుంకం గురించి అంతగా ఫిర్యాదు చేయరు. వాళ్ల టెన్షన్ అంతా సరిహద్దు దగ్గరే. పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దాటిన మన లారీ అవతల బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ యార్డులో సరుకు దింపేసి ఖాళీగా వెనక్కి రావాలి. అక్కడ బంగ్లాదేశ్ లారీ మళ్లీ ఎత్తుకోవాలి. దింపడానికి కూలి, ఎక్కించడానికి కూలి, ఎదురుచూసిన రోజులకు బాడుగ, వాన వస్తే బస్తాల నష్టం.

2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చితో బేనాపోల్ వెళ్లిన పార్సిల్ రైలు గుర్తుందా? లాక్‌డౌన్‌లో రోడ్డు మార్గం మూతపడితే రైల్వే ఆ దారి చూపించింది. రోడ్డు మీద టన్నుకు 7 వేల రూపాయల దాకా అయ్యేది, రైల్లో 4,608 అయింది. మామూలు గూడ్సు రైలు కావాలంటే ఒకేసారి 1,500 టన్నులకు పైగా సమకూర్చాలి, చిన్న వ్యాపారికి అది అయ్యే పని కాదు. పార్సిల్ వ్యాన్లతో 384 టన్నులకే రైలు కదిలింది. దీనికి కొత్త శిఖరాగ్ర సమావేశం అవసరం రాలేదు. ఉన్న రైలు మార్గం, రెండు కస్టమ్స్ శాఖల అంగీకారం చాలాయి.

ఇదే పద్ధతికి బలహీనత కూడా ఉంది. ఒక్క సర్క్యులర్‌తో వచ్చింది ఇంకో సర్క్యులర్‌తో పోతుంది. బంగ్లాదేశ్ సరుకు మన ఓడరేవులు, విమానాశ్రయాల మీదుగా మూడో దేశానికి వెళ్లే సౌకర్యాన్ని 2020 జూన్‌లో ఇచ్చాం, 2025 ఏప్రిల్ 8న తీసేశాం. అదే నెలలో బంగ్లాదేశ్ మన నూలు దారం భూమార్గంలో రాకుండా ఆపింది. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులు భూమార్గంలో రాకుండా ఆపాం. ఇరు వైపులా ఇబ్బంది పడ్డ వ్యాపారికి వెళ్లి అడగడానికి ఒక వేదిక లేదు. ముందుగా ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలన్న ఒక్క నిబంధన ఉన్నా దారిలో ఉన్న సరుకు చిక్కుకునేది కాదు. ఒప్పందం రాసేటప్పుడు అందరూ స్నేహం గురించి రాస్తారు. స్నేహం చెడిన రోజున ఏం చేయాలో రాసి పెట్టుకోవడమే అసలైన లాయరు పని.

అలా రాసుకున్న ఒప్పందం నిలబడుతుందనడానికి ఉదాహరణ విద్యుత్. ధూలిఖేల్‌లో గట్టెక్కిన ఒప్పందం చాలాకాలం కాగితం మీదే ఉంది. 2016లో మనం ఇచ్చిన మార్గదర్శకాలు భారత పెట్టుబడి ఉన్న ప్రాజెక్టులకే ఎక్కువ వీలు కల్పించాయి. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ అభ్యంతరం చెబితే 2018లో సవరించి, మన లైన్ల మీదుగా మూడు దేశాల అమ్మకాలకు దారి తెరిచాం. 2024 అక్టోబరు 3న కాఠ్మాండూలో మూడు దేశాల విద్యుత్ సంస్థలు సంతకం పెట్టాయి. వానాకాలంలో నేపాల్ నుంచి బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు. అంకె చిన్నదే. తేదీ చూడండి. బంగ్లాదేశ్‌లో ప్రధాని షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయి అప్పటికి రెండు నెలలే, ఢిల్లీ–ఢాకా సంబంధాలు బాగా దెబ్బతిన్న సమయం. అయినా కొత్త ప్రభుత్వం సంతకం పెట్టింది. ధర, మీటరు, బాధ్యత అన్నీ ముందే తేలి ఉన్నాయి, ముగ్గురికీ లాభం ఉంది. మరి వాహనాల ఒప్పందం? 2015 జూన్‌లో థింపూలో భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ సంతకాలు చేశాయి. భూటాన్ ఎగువ సభ తిరస్కరించింది. ఎనిమిది లక్షల జనాభా కూడా లేని దేశం, కొండ రోడ్ల మీదికి ఎన్ని పరాయి లారీలు వస్తాయి, మా లారీల వాళ్లు ఏమైపోతారు అని అడిగింది. సమంజసమైన ప్రశ్న. మీరు ముందుకు వెళ్లండి, మేం తర్వాత చూస్తాం అని 2017లో చెప్పి హుందాగా పక్కకు జరిగింది.

బిమ్స్‌టెక్ మీద నాకు ఆశ ఉంది కానీ అతిగా లేదు. 1997లో మొదలైంది, చార్టర్ 2022లో సంతకమై 2024 మే 20న అమల్లోకి వచ్చింది. అక్కడా ఏకాభిప్రాయమే నియమం. స్వేచ్ఛా వాణిజ్యానికి 2004లో రాసుకున్న చట్రం ఇంకా పూర్తి ఒప్పందం కాలేదు. పాకిస్తాన్ లేదు కాబట్టి అంతా సాఫీగా సాగుతుందనుకునేవాళ్లు ఈ 20 ఏళ్ల ఆలస్యానికి కారణం చెప్పాలి. అయితే సముద్ర రవాణా ఒప్పందం మీద 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో సంతకాలు జరిగాయి. 2019లో బిమ్స్‌టెక్ దేశాల మొదటి ఓడరేవుల సదస్సు జరిగింది మన విశాఖలోనే. ఆంధ్ర తీరానికి అసలు ప్రయోజనం ఈ వైపు నుంచే రావాలి.

చట్టంతో అన్నీ తీరతాయని నేను చెప్పడం లేదు. 1960 నాటి సింధు జలాల ఒప్పందంలో తటస్థ నిపుణుడు ఉన్నాడు, మధ్యవర్తిత్వ కోర్టు ఉంది. మూడు యుద్ధాలు తట్టుకుంది. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్ 23న, సీమాంతర ఉగ్రవాదం ఆగేదాకా దాన్ని పక్కన పెడుతున్నట్టు భారత్ ప్రకటించింది. మనుషుల ప్రాణాలు పోతున్నప్పుడు నీళ్ల లెక్క మామూలుగా చూసుకుందాం అని ఏ ప్రభుత్వమూ తన ప్రజలకు చెప్పుకోలేదు. ఒప్పందం ఎంత బాగా రాసినా మోయగలిగే బరువుకు ఒక హద్దు ఉంటుంది.

మీరు ఈ సబ్జెక్టు మీద ముందుకు వెళ్లాలనుకుంటే ఒక్కదాన్ని వదలకుండా గమనించండి: గంగా జలాల ఒప్పందం. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, హసీనా సంతకం చేశారు, గడువు 30 ఏళ్లు, అంటే 2026 డిసెంబరు. జనవరి నుంచి మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర నీళ్లు ఎలా పంచుకోవాలో అందులో ఉంది. 70 వేల క్యూసెక్కులు, అంతకంటే తక్కువ వస్తే చెరి సగం. వివాదం వస్తే ఉమ్మడి కమిటీ, తర్వాత ఉమ్మడి నదుల కమిషన్, అక్కడా తేలకపోతే రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాలి. మూడో మనిషికి చోటు లేదు. 1996లో అది సాధ్యమైంది ఎందుకంటే పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు మొదటి నుంచీ అందులో భాగస్వామి. 2011 సెప్టెంబరులో తీస్తా నదీ జలాల ఒప్పందం ఆఖరి నిమిషంలో ఆగింది ఎందుకంటే మమతా బెనర్జీ ఒప్పుకోలేదు, మన్మోహన్ సింగ్‌తో ఢాకా వెళ్లడం మానుకున్నారు. 253వ అధికరణం ప్రకారం కేంద్రానికి ఆమె అనుమతి అక్కర్లేదు. కానీ ఏ కేంద్ర ప్రభుత్వమూ ఆ అధికరణాన్ని పట్టుకుని ఒక రాష్ట్రం గొంతు మీదుగా నీళ్లు పంచే సాహసం చేయలేదు, చేయకూడదు కూడా. కృష్ణా, గోదావరి గొడవలు చూస్తూ పెరిగిన మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కొత్త ఒప్పందం ముసాయిదా బయటికి వచ్చినప్పుడు రెండు విషయాలు వెతకండి. చర్చల బృందంలో పశ్చిమ బెంగాల్, బిహార్ ప్రతినిధులు మొదటి రోజు నుంచీ ఉన్నారా? రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని కూడా తేల్చుకోలేకపోతే తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసి ఉందా?